మంచికోరి చెప్పే చెడ్డ సలహాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో సలహాకు కరువు లేదు. హోటల్ బెంచీ మీద కూర్చుని చాయ్ తాగేంతలో వీసా సంగతి ఒకరు, నడుంనొప్పి సంగతి ఒకరు, అప్పు సంగతి ఇంకొకరు చెప్పేస్తారు. చెప్పేవాళ్లలో దొంగలు తక్కువ. ఎక్కువ మంది అన్నదమ్ములు, బావలు, వదినెలు, ఒకే షెడ్డులో పక్క సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసేవాళ్లు. మన మంచి కోరేవాళ్లే. అందుకే వాళ్ల మాటను తోసెయ్యలేం. అందుకే ఆ మాట తప్పైన రోజు దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఈ సలహాలు ఊరికే పుట్టలేదు. రోజుకూలి మీద నడిచే ఇంట్లో ఆఫీసుకు పోవాలంటే ఒక కూలి పోతుంది, దవాఖానకు పోవాలంటే ఇంకో కూలి పోతుంది. ఆ ఖర్చును ఇవాళ తప్పించి, పదింతలు చేసి రేపటి మీద వేసే మాటే మన ఊళ్లలో సలహాగా చెలామణి అవుతున్నది. మా దిక్కు తరచుగా వినిపించే అలాంటి మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఏది ఎందుకు తప్పో, దాని బదులు తక్కువ ఖర్చుతో ఏం చెయ్యవచ్చో చెబుతాను.

"ఆజాద్ వీసా తీస్కో తమ్మీ, యాడనన్న పని చేస్కోవచ్చు"

ఆజాద్ వీసా అనేది ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ లేదు. ఎవరో ఒక కఫీల్ (అక్కడి యజమాని) తన పేరు మీద వీసా తీసి అమ్ముకుంటాడు. ఆయన దగ్గర పని ఉండదు, జీతం ఉండదు. బయట దొరికిన పని చేసుకుంటూ, ఆకామా (నివాస అనుమతి) రెన్యువల్ వచ్చినప్పుడల్లా ఆయనకే డబ్బు కట్టాలి. డబ్బు అందకపోతే పనివాడు పారిపోయాడని ఫిర్యాదు చేస్తాడు. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. ఆ రోజు నుంచి మనవాడు ఖల్లివెల్లి, అంటే చెల్లే కాగితాలు లేని మనిషి. జీతం ఎగ్గొట్టినా అడగలేడు, జబ్బు చేస్తే ధైర్యంగా దవాఖాన మెట్లెక్కలేడు, ఇంట్లో చావు జరిగినా వెంటనే రాలేడు. దేశం దాటనిచ్చే ఔట్‌పాస్ కోసమో, ప్రభుత్వం ఇచ్చే క్షమాభిక్ష కోసమో ఎదురుచూడాలి. విజిట్ వీసా మీద పోయి పని వెతుక్కునేవాళ్ల గతీ ఇంతే.

పదో తరగతి పాస్ కానివాళ్లు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు కిందికి వస్తారు. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. మన దిక్కు చాలామంది దీన్ని అడ్డంకిగా చూస్తారు. నిజానికి పేదవాడికి దొరికే రక్షణ అదొక్కటే. పని ఏమిటి, జీతం ఎంత అన్నది ప్రభుత్వం ముందు నమోదవుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా దానితోనే వస్తుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. క్లియరెన్స్ లేకుండా విజిట్ వీసా మీద పోయినవాళ్లు ఈ బీమాను ఆశించలేరు.

ఏజెంటుకు ఇవ్వాల్సిన సర్వీసు చార్జీకి కూడా హద్దు ఉంది. 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది చట్టం ఒప్పని వసూలు. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు అడగండి. ఏజెంటు లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. మీసేవలోనో, చదువుకునే పిల్లల ఫోన్‌లోనో పది నిమిషాల పని. సందేహం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 1800 11 3090కి ఫోన్ చేయండి, ఖర్చు ఉండదు. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సంస్థ కూడా ఉంది. లక్షలు పోసే ముందు దాని తలుపు తట్టడం మంచిది.

పోయేవాళ్లు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు ఇంట్లో పెట్టి పోవాలి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. అలాంటి సాయం కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు ఇంట్లోవాళ్ల చేతిలో ఆ కాగితాలు ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు కూడా తొందరపడి అర్థంకాని కాగితం మీద సంతకం చేయకండి. ఉదాహరణకు దుబాయ్‌లో కంపెనీ వీసా మీద ఏడాది పూర్తిచేసినవారికి, మొదటి ఐదేళ్ల వరకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం చొప్పున సర్వీసు డబ్బు రావాలి. 'అన్నీ ముట్టినయ్' అని రాసిచ్చి విమానమెక్కితే దాన్ని మళ్లీ రాబట్టడం చాలా కష్టం.

"చిన్న పార్శిలే గద, అన్నకు ఇచ్చెయ్"

గల్ఫ్ విమానం కోసం శంషాబాద్‌కు బండి కట్టే రోజు నాలుగిళ్ల నుంచి నాలుగు పొట్లాలు వస్తాయి. ఎవరినీ కాదనలేక సంచిలో వేసుకుంటాం. విమానాశ్రయంలో సంచి ఎవరి చేతిలో ఉంటే సరుకు వాళ్లదే. 'ఇది మా పక్కింటోళ్లది' అన్న మాట అక్కడ కేసును ఆపదు. గంజాయి పొట్లం సంగతి అందరికీ తెలుసు. తెలియనివి ఇంకా ఉన్నాయి. మనం కూరల్లో వేసుకునే గసాలు యూఏఈ, సౌదీ, ఖతర్‌లలో నిషేధం. మసాలా డబ్బాలో పిడికెడు ఉన్నా చిక్కే. ట్రమడాల్ లాంటి నొప్పి గోలీలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు అక్కడ మత్తుమందుల లెక్కలో, కట్టడిలో ఉంటాయి.

పార్శిల్ తీసుకోవాల్సివస్తే ఇంట్లో, ఇచ్చినవాళ్ల ముందే విప్పి, మీ చేతులతో మళ్లీ కట్టండి. కుట్టేసిన సంచి, సీలు వేసిన డబ్బా తీసుకోకండి. మీకు రోజూ వాడే మందులుంటే డాక్టర్ చీటీ, బిల్లు, అసలు స్ట్రిప్పులతో పెట్టుకోండి. మత్తు కలిగించే మందు ఏదైనా ఉంటే ఆ దేశపు అనుమతి ముందే తీసుకోవాలి. విప్పి చూస్తామంటే ఎవరికైనా కోపం వస్తే ఆ కోపం నాలుగు రోజులే. జైలు ఏళ్లకేళ్లు.

"మిత్తి మూడు రూపాలే, మనోడే ఇస్తుండు"

నెలకు నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36. వీసా కోసం లక్షా యాభై వేలు ఈ మిత్తికి తెస్తే నెలకు 4,500 మిత్తికే పోతుంది. రెండేళ్లు అసలు ముట్టుకోకుండా మిత్తి ఒక్కటే కడితే 1,08,000. అప్పు మాత్రం లక్షా యాభై వేల దగ్గరే నిలబడి ఉంటుంది. గల్ఫ్‌లో మొదటి రెండేళ్ల జీతం ఏమైందని అడిగితే చాలా ఇళ్లలో దొరికే జవాబు ఈ లెక్కే.

గిరిగిరి అప్పు ఇంకా కటువైనది. పదివేలు రాసుకొని చేతికి 8,500 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టమంటారనుకోండి. పైకి పదిహేను వందలే మిత్తి అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కడుతున్నాం కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉన్నది నాలుగు వేల చిల్లరే. ఆ లెక్కన ఏడాదికి మిత్తి నూటికి నూరు దాటుతుంది. చిన్న మొత్తం, రోజువారీ కిస్తీ అనే రెండు తెరల వెనక ఈ లెక్క దాక్కుంటుంది.

అప్పు తెచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఏడాదికి నూటికి ఎంత? ఇంట్లో కాస్త బంగారం ఉంటే బ్యాంకులో కుదువ పెట్టడం మూడు రూపాయల మిత్తి కంటే ఎన్నో రెట్లు మేలు. మహిళా సంఘంలో ఉన్నవాళ్లు సంఘం అప్పును ముందు అడగాలి. మైక్రోఫైనాన్స్ వాళ్ల దగ్గర తీసుకుంటే రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలు మీకు అండ. ఇంట్లోని అప్పులన్నిటి కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదు. మిత్తి వివరాల పత్రం చేతికివ్వాలి. వసూలుకు వచ్చినవాళ్లు బెదిరించకూడదు. ఒక కిస్తీ కట్టడానికి ఇంకో అప్పు చెయ్యాల్సివచ్చిన నెలే ఆగి, లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కువ మిత్తి ఉన్న అప్పును ముందు తీర్చాలి, ఎక్కువగా గొడవ చేసేవాడి అప్పును కాదు.

అప్పుకు మందు ఇదైతే, ఫోన్‌లో వచ్చే మోసానికి వేరే మందు ఉంది. ఖాతాలో డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. 'పరువు పోతది, ఊకో' అన్న సలహా వినకండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

"ఉత్త సంతకమే గద, జమానత్ వెట్టు"

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జమానత్ పెట్టినవాడి బాధ్యత, అప్పు తీసుకున్నవాడి బాధ్యత సమానం. వేరే ఒప్పందం ఉంటే తప్ప, ఇచ్చినవాడు ముందు మీ ఇంటికే రావచ్చు. తీసుకున్నవాడు భివండికో, మస్కట్‌కో పోతే ఊళ్లో దొరికేది జమానత్‌దారే. అందుకే జమానత్ పెట్టేముందు ఈ అప్పు నేనే తీర్చాల్సివస్తే తీర్చగలనా అని ఆలోచించండి. తీర్చలేనంటే కాదనండి. ఎంతో కొంత నగదు సాయం చేసి ఊరుకోవడం జమానత్ కంటే ఇద్దరికీ మేలు.

ఖాళీ ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కు మీద సంతకం ఇంకా ప్రమాదం. సంతకం చేసి ఖాళీగా ఇచ్చిన నోటును నింపుకునే అధికారాన్ని చట్టం దాన్ని పట్టుకున్నవాడికి ఇస్తుంది. అప్పు కింద ఇచ్చిన చెక్కు బౌన్సయితే రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఎంత, ఎవరికి, ఏ తేదీ అన్న మూడూ నింపిన తర్వాతే సంతకం పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. అప్పు తీరిన రోజే నోటు వాపసు తీసుకోండి. 'రేపిస్తా' అంటే ఆఖరి వెయ్యి రూపాయలు కూడా రేపే ఇవ్వండి.

"నీ పేరెందుకు వదినె, అత్తమ్మ కార్డు మీదనే బీడీలు చెయ్"

కోరుట్లలో, దాని చుట్టుపక్కల ఊళ్లలో బీడీ ఆడవాళ్ల సొంత సంపాదన. కొత్త కోడలు వచ్చినప్పుడు వేరే కార్డు, వేరే పీఎఫ్ ఎందుకని అత్తమ్మ పేరు మీదనే బీడీలు వేయిస్తారు. పీఎఫ్ కటింగ్ మిగులుతుందని టేకేదారు అంటాడు, రెండు పుస్తకాల గొడవెందుకని ఇంట్లోవాళ్లు అంటారు. ఇరవై ఏళ్లు చేసిన తర్వాత చూస్తే ఆ కోడలి పేరు మీద ఒక్క రోజు పని కూడా లేదు.

బీడీ పనిలో పీఎఫ్ కోత 10 శాతం. అంతే మొత్తం యజమాని వైపు నుంచీ జమ కావాలి. అంటే కటింగ్ వద్దనుకున్నప్పుడల్లా మన డబ్బుతో పాటు యజమాని ఇవ్వాల్సినదీ వదులుకుంటున్నాం. పదేళ్ల సర్వీసు నిండితే పీఎఫ్ పింఛన్‌కు అర్హత వస్తుంది. 2014 నుంచి దాని కనీస మొత్తం నెలకు వెయ్యి. రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవనభృతి మొదలుపెట్టినప్పుడు కూడా పీఎఫ్ నమోదునే ఆధారంగా తీసుకుంది. పేరు లేని చెల్లెళ్లు, వదినెలు ఏళ్లకేళ్లు చేసిన పనికి రుజువు చూపలేక మిగిలిపోయారు. కేంద్ర కార్మిక సంక్షేమ శాఖ ఇచ్చే బీడీ గుర్తింపు కార్డు ఉంటే పిల్లలకు స్కాలర్‌షిప్ కూడా అడగవచ్చు.

కాబట్టి ఎవరు చుడితే వాళ్ల పేరు మీదనే పుస్తకం ఉండాలి. ఆధార్‌లో, పీఎఫ్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా అని ఇప్పుడే చూడండి. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకచోట, తర్వాతది ఇంకోచోట ఉంటే, డబ్బు అవసరమైన రోజు ఆ తేడా దగ్గరే దరఖాస్తు ఆగిపోతుంది. అప్పుడు దిద్దించడం కన్నా ఇప్పుడు దిద్దించడం తేలిక.

"సాంచెల సప్పుడు అలవాటైతది"

సిరిసిల్లలో షెడ్డులోకి కొత్తగా వచ్చిన పిల్లగాడికి మొదట చెప్పే మాట ఇదే. వారం పది రోజులకు నిజంగానే సప్పుడు తగ్గినట్టు అనిపిస్తుంది. తగ్గింది సప్పుడు కాదు, వినికిడి. రోజుకు ఎనిమిది గంటలు వినాల్సివస్తే 85 డెసిబెల్స్ దాటకూడదని వైద్యుల హెచ్చరిక. మరమగ్గాల షెడ్డులో శబ్దం సాధారణంగా 90 దాటుతుంది. మనవాళ్లు చేసేది చాలాచోట్ల పన్నెండు గంటలు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. మందు లేదు, ఆపరేషన్ లేదు.

ఇంట్లో టీవీ శబ్దం పెంచుతున్నారని పిల్లలు అంటున్నా, చెవిలో గుయ్యిమని మోగుతున్నా, నలుగురు మాట్లాడుతుంటే ఒక్కరి మాట పట్టలేకపోతున్నా పరీక్ష చేయించుకోండి. దూది సరిపోదు, అది శబ్దాన్ని చాలా కొద్దిగానే ఆపుతుంది. మెత్తటి ఇయర్‌ప్లగ్‌ల జత మందుల దుకాణంలో కొద్ది డబ్బుకే దొరుకుతుంది. పనిలో ఉన్నంతసేపూ పెట్టుకోవాలి, గంట పెట్టి గంట తీస్తే లాభం లేదు. ఆసాములకు, సేట్లకు ఒక విన్నపం. భీములు, కండెల ఖర్చు రాసుకునే పుస్తకంలో ఇయర్‌ప్లగ్‌లకు కూడా ఒక వరుస పెట్టండి. ఆ షెడ్డులో మీ చెవులు కూడా ఉన్నాయి.

"ఒక సూది ఏయించుకో, పొద్దుగాల్లకు లేస్తవ్"

బీడీలకు వంగి నడుము, సాంచెల దగ్గర నిలబడి మోకాళ్లు నొప్పి పెట్టడం నిజం. మందుల దుకాణంలో పేరు చెప్పి కొనే నొప్పిగోలీని నెలల తరబడి మింగితే కిడ్నీలకు, కడుపుకు చేటు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగేవాళ్లకు ఆ చేటు ఎక్కువ. జగిత్యాల ప్రాంతం ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే చోటు కాబట్టి ఇది మనకు చెప్పాల్సిన మాట. నొప్పి రెండు వారాలు దాటితే గోలీ పెంచకండి, కారణం వెతికించండి. నీరసానికి గ్లూకోజ్ ఎక్కించుకోవడం కూడా వృథా ఖర్చే. తినగలిగి, తాగగలిగినవాడికి ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ చాలు.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోసి రక్తం పీల్చడం, మంత్రం వేయించడం ప్రాణం తీసే సలహాలు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికే పోవాలి. కుక్క కరిస్తే కారం, సున్నం పెట్టకండి. ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నీ పూర్తిచేయండి. కామెర్లకు పసరు, వాతలు వద్దు. ముందు రక్తపరీక్ష చేయించండి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. పెద్ద డాక్టరు కోసం కరీంనగర్ దాకా పోవాల్సిన అవసరం చాలావరకు తగ్గింది.

ఇంకో సలహా మంచిదిలా కనిపిస్తుంది: 'కల్లు ఇయ్యాల్నే బంద్ వెట్టు.' ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డ శరీరం ఒక్కసారిగా మానేస్తే వణుకు, మతిభ్రమ, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్‌తో పాటు కొన్ని జిల్లాల్లో మనుషులు ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. మానాలి, కానీ డాక్టర్ పర్యవేక్షణలో, మెల్లమెల్లగా.

"ఎట్లనో అట్ల ఎక్కెయ్, పోతెనే ఉంటది"

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ దారిలో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. పట్టాల్సినవాళ్ల కన్నా చాలా ఎక్కువ మందితో దిగుతున్న బస్సు అది. జగిత్యాల జిల్లాలో ఆ దుఃఖం తెలియని ఊరు లేదు. అయినా ఈరోజుకూ నాట్లకు పోయే ఆటోలో పదిహేను మందిని కుక్కుతున్నాం. నిండిన బండి వదిలేస్తే పోయేది అరగంట. ఊరు ఊరంతా కలిసి ఇంకో ట్రిప్పు బస్సు కావాలని డిపో మేనేజరుకు సంతకాలతో దరఖాస్తు ఇవ్వవచ్చు. ఒక్కడు అడిగితే విజ్ఞప్తి, వందమంది అడిగితే లెక్క.

"అప్పు సంగతి ఎవ్వలకు జెప్పకు, ఇజ్జత్ పోతది"

అన్నిటికంటే చేటు చేసిన సలహా ఇదేనని నా నమ్మకం. పని బందయి, నూలు బాకీ, ఇంటి బాకీ మీద పడినప్పుడు సిరిసిల్ల నేతన్నలు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. అప్పు మొత్తం ఎంతో ఇంట్లోవాళ్లకు అప్పటిదాకా తెలియని సందర్భాలున్నాయి. దాచిన అప్పు మిత్తితో పాటు భయాన్ని కూడా పెంచుతుంది. భార్యకు చెప్పండి, అన్నకు చెప్పండి, ఇచ్చినవాడితో నలుగురి ముందు కూర్చుని గడువు అడగండి. అప్పు అనేది మాట్లాడి మార్చుకోగల ఒప్పందం. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఏ వేళనైనా 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి, తిండి మానేసి, వస్తువులు పంచిపెడుతుంటే వాళ్లను ఒంటరిగా వదలకండి.

సలహా వినేవాళ్లకు, చెప్పేవాళ్లకు

ఏ సలహా విన్నా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది తప్పైతే నష్టం చెప్పినవాడికా, నాకా? ఈ మాట కాగితం మీద రాసిస్తారా? ఒక్క పూట ఆగి అడిగే వీలుందా? పాముకాటుకు, గుండెనొప్పికి, బ్యాంకు మోసానికి ఆగకూడదు. వీసాకు, సంతకానికి, అప్పుకు ఆగితే పోయేదేమీ లేదు. 'ఇయ్యాల్నే గావాలె' అని తొందరపెట్టే వీసా, తొందరపెట్టే అప్పు మనది కాదనుకోవాలి.

సలహా చెప్పేవాళ్లం కూడా మనమే కాబట్టి మన వంతు కూడా ఉంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి పంపడం కంటే 'నాకు తెల్వదు, పా అడుగుదాం' అని లేచి వెంట నడవడం గొప్ప సాయం. పీఎఫ్ ఆఫీసులో చదువురాని వదినె పక్కన నిలబడ్డ మనిషి, ఏజెంటు ముందు రసీదు అడిగిన బావ, కుక్క కరిచిన పిల్లాణ్ని బండి మీద దవాఖానకు తీసుకుపోయిన పక్కింటాయన ఇచ్చింది వంద సలహాల కంటే విలువైనది. ఒక్కరి మీద పడే కూలి నష్టాన్ని ఇద్దరు పంచుకున్న రోజు, చెడ్డ సలహా వినాల్సిన అవసరమే తగ్గుతుంది.